కాంట్రాక్టు కార్మికుడు యూనియన్‌లో చేరాలా, వద్దా? ముందు కాగితాలు, తర్వాత సంఖ్య, ఆ తర్వాతే పేరు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. రణస్థలం మండలంలో ఓ మందుల ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా కాంట్రాక్టు పని. ఈలోగా కాంట్రాక్టరు రెండుసార్లు మారాడు. బ్లాకు, మిషను, షిఫ్ట్ ఇన్‌ఛార్జి మాత్రం మారలేదు. ఇప్పుడు కొందరు యూనియన్ పెడతామంటున్నారు. సగం మంది సరే అంటున్నారు, సగం మంది "చేరితే గేటు బయటే" అంటున్నారు. ఒకే ఊరివాళ్లు కూడా కంపెనీ బస్సులో పలకరించుకోవడం మానేశారు. ఇంతలో కాంట్రాక్టరు మనిషి వచ్చి అందరి చేతా తెల్ల కాగితం మీద సంతకాలు తీసుకుంటున్నాడు. చేరాలా, వద్దా?

చేరండి. కానీ ముందు మీ కాగితాలు చేతికి తెచ్చుకోండి, తర్వాత సంఖ్య కూడనివ్వండి, ఆ తర్వాతే పేరు బయటపెట్టండి. తెల్ల కాగితం మీద సంతకం మాత్రం పెట్టొద్దు. ఇప్పటికే పెట్టి ఉంటే ఏం చేయాలో కింద రాశాను.

చేరితే తీసేస్తారన్న భయం వట్టి పుకారు కాదు, అలా తీసేసిన సందర్భాలు ఉన్నాయి. అయితే చేరకుండా ఉన్నవాళ్ల ఉద్యోగం నిలుస్తుందన్న నమ్మకానికి మాత్రం ఆధారం లేదు. కాంట్రాక్టు కార్మికుడి పని పోవడానికి మామూలు కారణం కాంట్రాక్టు గడువు తీరడం, లేదా ఆర్డర్లు తగ్గడం. ఆ రోజున ఎవరు యూనియన్‌లో ఉన్నారు, ఎవరు లేరు అని చూడరు, జాబితా మొత్తం తీసేస్తారు. అప్పుడు మీ ఆరేళ్లను మీరు రుజువు చేయగలరా, మీ తరఫున అడిగే సంఘం ఉందా అన్నదే లెక్కలోకి వస్తుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ భయానికి పాత మూలాలు ఉన్నాయి. 1994లో నెల్లిమర్లలో జూట్ కార్మికుల మీద జరిగిన పోలీసు కాల్పులను అక్కడి కుటుంబాలు మరిచిపోలేదు. ఆ తర్వాత విజయనగరం జిల్లా జూట్ మిల్లుల్లో లాకౌట్లు చూసినవాళ్లు "యూనియన్లొచ్చాయి, మిల్లులు మూసుకుపోయాయి" అని పిల్లలకు చెబుతుంటారు. వాళ్ల బాధ నిజం. కారణం మాత్రం అంత సులువు కాదు. 1987 నాటి జూట్ ప్యాకేజింగ్ చట్టం కింద ధాన్యానికి, పంచదారకు ఎంత శాతం గోనె సంచులు వాడాలో కేంద్రం నిర్ణయిస్తుంది. ఆ ఆర్డర్లు, ముడి నార ధర, ప్లాస్టిక్ సంచుల పోటీ, ఈ మూడింటి మీదే మిల్లు బతుకు ఎక్కువగా ఆధారపడింది. మందుల ఫ్యాక్టరీ లెక్క వేరు, కాబట్టి జూట్ మిల్లు కథ చూపించి మీ నిర్ణయం తేల్చుకోవద్దు.

ముందు చట్టం ఎక్కడుందో చూసుకోండి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం, 1947 పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో ఇప్పుడు 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ఉంది. పాత సెక్షన్ల నంబర్లతో ఎవరైనా అర్జీ తయారుచేసి ఇస్తే సంతకం పెట్టేముందు మార్పించండి. కొత్త ఫారాల పేర్లు జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి రాయించుకోవడం మేలు. యూనియన్‌లో చేరినందుకు తీసేస్తానని బెదిరించడం, కక్షతో బదిలీ చేయడం, యూనియన్‌ను విరగ్గొట్టాలని సరిగ్గా ఆ సమయానికే కొందరికి జీతం పెంచడం, యాజమాన్యమే తొత్తు సంఘం పెట్టించడం, ఇవన్నీ పాత చట్టంలో నేరమే, కొత్త కోడ్‌లోనూ నేరమే. జరిమానా 10,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా ఉంటుంది. అయితే ఆ జరిమానా మీ చేతికి రాదు, ఉద్యోగం దానంతటదే తిరిగి రాదు. అందుకే నేను చట్టం కంటే ముందు కాగితాల గురించి చెబుతున్నాను.

మీ ఆరేళ్లకు సాక్ష్యం ఎక్కడుంది? అందరికంటే గట్టి సాక్ష్యం పీఎఫ్. మీ యూఏఎన్ (ఎక్కడ పనిచేసినా మారని పీఎఫ్ నంబరు)తో పీఎఫ్ వెబ్‌సైటులో లాగిన్ అయి సర్వీస్ హిస్టరీ తెరవండి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా అక్కడ కొత్త మెంబర్ ఐడీ పుడుతుంది, కానీ యూఏఎన్ ఒక్కటే. మొదటి కాంట్రాక్టరు దగ్గర మానేసిన తేదీ, రెండో కాంట్రాక్టరు దగ్గర చేరిన తేదీ పక్కపక్కనే కనిపిస్తాయి. వాటి మధ్య ఒకటి రెండు రోజులే తేడా ఉంటే, పని ఆగలేదని, పేరు మాత్రమే మారిందని చూపించడానికి అదే ఆధారం. అక్కడే మానేసిన కారణం కూడా చూడండి. మీరు రాజీనామా చేయకపోయినా "రిజిగ్నేషన్" అని ఎక్కించి ఉంటే ఇప్పుడే కాంట్రాక్టరుకు, పీఎఫ్ కార్యాలయానికి రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. కేసు పడ్డాక అభ్యంతరం చెబితే దానికి బలం ఉండదు. పాస్‌బుక్, సర్వీస్ హిస్టరీ రెండూ పీడీఎఫ్‌గా దించుకుని మీ ఈమెయిల్‌కు పంపుకోండి. ఫోను పోయినా అవి ఉంటాయి.

రెండోది ఈఎస్ఐ కంట్రిబ్యూషన్ చరిత్ర. నెలకు 21,000 లోపు జీతమైతే మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం జమ అవుతూ ఉండాలి. ఎన్ని రోజులకు కట్టారో కూడా అందులో ఉంటుంది. ఇది హాజరుకు సాక్ష్యం. 12 నెలల్లో 240 రోజుల పని చూపించగలిగితే ఏడాది నిరంతర సర్వీసు అవుతుంది. రిట్రెంచ్‌మెంట్ (పని లేదనో, మనుషులు ఎక్కువయ్యారనో తీసేయడం) పరిహారానికి మొదటి మెట్టు అదే: ఒక నెల నోటీసు లేదా నెల జీతం, పైన పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం. ఈఎస్ఐలో రోజులు తక్కువగా చూపిస్తుంటే వెంటనే పట్టుకోండి, ఇది చాలామంది చూడరు.

మూడోది బ్యాంకు స్టేట్‌మెంట్, జీతం ఎవరి ఖాతా నుంచి పడిందో కనిపించేలా. నాలుగోది గేటు పాసు, ఐడీ కార్డు రెండు వైపులా ఫోటో. పాత కాంట్రాక్టరు ఇచ్చిన కార్డు వాపసు అడిగితే ఇచ్చేముందు ఫోటో తీసుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మందుల ఫ్యాక్టరీలో బ్యాచ్ రికార్డుల మీద మీ సంతకాలుంటాయి, గౌనింగ్ (రక్షణ దుస్తులు వేసుకోవడం), సేఫ్టీ ట్రైనింగ్ రిజిస్టర్లలో మీ పేరుంటుంది. మీ పనిని నేరుగా అసలు కంపెనీయే నడిపిస్తోందనడానికి అవి చాలా విలువైనవి. కానీ బ్లాకు లోపల వాటి ఫోటో తీయొద్దు, జిరాక్స్ బయటికి తేవొద్దు. అదొక్కటి చాలు, రహస్య పత్రాలు దొంగిలించారని మిమ్మల్ని తీసేయడానికి. ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టి తేదీ, షిఫ్టు, బ్లాకు, ఎవరు పని చెప్పారు, ఓటీ ఎన్ని గంటలు అన్నది రోజూ ఒక వరస రాసుకోండి. రేపు వివాదం వస్తే "ఫలానా తేదీ, ఫలానా బ్లాకు రికార్డు తెప్పించండి" అని అడిగే హక్కు మీకుంటుంది. తేదీ చెప్పలేనివాడి మాటను కార్మిక వివాదాలు విచారించే ట్రిబ్యునల్ పట్టించుకోదు.

పర్మనెంట్ చేయిస్తామంటే? యూనియన్ పెట్టేవాళ్లు ఈ మాట చెబుతుంటే జాగ్రత్త. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది ఏమిటంటే, కాంట్రాక్టు కార్మిక విధానాన్ని నిషేధించినంత మాత్రాన కార్మికులు దానంతటదే కంపెనీ ఉద్యోగులు అయిపోరు. కాంట్రాక్టు వట్టి నాటకమని, నిజానికి పని ఇచ్చేది, అజమాయిషీ చేసేది, తీసేసేది అసలు కంపెనీయేనని రుజువు చేయాలి. మీ కాంట్రాక్టరు మారినా షిఫ్ట్ ఇన్‌ఛార్జి మారలేదన్నారు చూడండి, ఈ వాదనలో మీకు పనికొచ్చే ముక్క అది.

మీరు చేసే పనేమిటన్నది కూడా ముఖ్యం. రియాక్టరు, సెంట్రిఫ్యూజ్, డ్రయర్ దగ్గర పని అంటే అది ఫ్యాక్టరీ అసలు ఉత్పత్తి పని. అలాంటి పనిలో కాంట్రాక్టు కార్మికులను పెట్టడం మీద ఆంధ్రప్రదేశ్‌లో 2003 సవరణ నుంచే నిషేధం ఉంది, కొత్త కోడ్‌లలోనూ ఉంది, కొన్ని మినహాయింపులతో. క్యాంటీన్, తోటపని, సెక్యూరిటీ, లోడింగ్ లాంటివి ఆ నిషేధం కిందికి రావు. అందుకే ఒకే గేటులోంచి వెళ్లే ఇద్దరు కాంట్రాక్టు కార్మికుల కేసులు ఒకటి కావు. బస్సులో జరుగుతున్న గొడవలో సగం ఇక్కడే పుట్టి ఉంటుందని నా అనుమానం: బ్లాకులో వాళ్లకు ఆశ ఎక్కువ, లోడింగ్ వాళ్లకు భయం ఎక్కువ. ఇద్దరికీ ఒకే హామీ ఇచ్చే నాయకుడిని నమ్మొద్దు.

పర్మనెంట్ మాట పక్కనపెట్టినా వెంటనే దొరికేవి ఉన్నాయి. నియామక పత్రం ఇవ్వడం ఇప్పుడు తప్పనిసరి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలి. పని నుంచి తీసేస్తే రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. వీటిని ఒక్కడు అడిగితే విసుక్కుంటారు. నూరు మంది పేరున రాతలో అడిగితే జవాబు రాయక తప్పదు.

ఎంతమంది ఉంటే యూనియన్? రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు సంతకం పెట్టాలి. దాంతోపాటు ఆ సంస్థ కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. 600 మంది పనిచేసే చోట 60 మంది, 1,400 మంది ఉన్నచోట 100 మంది, 50 మంది ఉన్న చిన్న యూనిట్‌లో ఏడుగురు. చాలాచోట్ల చెడేది ఇక్కడే. ఉత్సాహంగా ఏడుగురు సంతకం పెట్టి అర్జీ ఇచ్చేస్తారు. పరిశీలనకు వచ్చేసరికి ఆ పేర్లు యాజమాన్యానికి తెలుస్తాయి, వెనకాల మిగతావాళ్లు ఉండరు. ఆ ఏడుగురూ ఒంటరైపోతారు. అందుకే మీ దగ్గర 60 కావాలంటే 90 సభ్యత్వ ఫారాలు, రసీదులతో సహా, చేతిలో ఉన్నాకే అర్జీ వేయమనండి. ఫారాలు ఫ్యాక్టరీ ఆవరణలో, పని వేళల్లో నింపొద్దు. ఊళ్లో, సెలవు రోజున చూసుకోండి.

రిజిస్టరు అయ్యాక యాజమాన్యంతో కూర్చునే హక్కుకు లెక్క వేరు. ఒకటి కంటే ఎక్కువ యూనియన్లుంటే, మస్టర్ రోల్ (కార్మికుల హాజరు పట్టీ)లోని కార్మికుల్లో 51 శాతం మద్దతున్న దానికే ఏకైక చర్చల సంఘం హోదా వస్తుంది. ఎవరికీ అంత లేకపోతే చర్చల మండలి వేస్తారు. అందులో చోటుకు కనీసం 20 శాతం ఉండాలి. 600 మందిలో 51 శాతం అంటే 306. ఒక సంఘానికి 270, ఇంకోదానికి 210, ఇంకో 120 మంది దేంట్లోనూ లేరనుకోండి. ఎవరూ ఒంటరిగా సంతకం చేయలేరు. పార్టీ పేరు మీద, మండలం పేరు మీద, లోకల్, బయటివాళ్లు అన్న పేరు మీద విడిపోతే పోయేది ఈ అంకెల్లో కనబడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కాంట్రాక్టు కార్మికులు తమ మస్టర్‌లో లేరు కాబట్టి ఈ లెక్కలోకి రారని కంపెనీ వాదిస్తుంది. పర్మనెంట్ వాళ్ల సంఘం ఒకటి ఇప్పటికే ఉంటే, కాంట్రాక్టు వాళ్లను సభ్యులుగా తీసుకోవడానికి వాళ్ల నిబంధనావళి ఒప్పుకుంటుందేమో ముందు చదవండి. ఒప్పుకుంటే వేరే కుంపటి పెట్టడం కంటే అందులో చేరడమే మంచిదని నా అభిప్రాయం.

చేరేముందు యూనియన్‌ను ఏమడగాలి? కార్యవర్గంలో ఫ్యాక్టరీలో పనిచేయని బయటివాళ్లు ఎందరు అని అడగండి. మొత్తంలో మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అది, అంతకు మించకూడదు. చందాకు రసీదు ఇస్తారా, లెక్కలు ఆడిట్ చేయించి ఏటా రిటర్ను వేస్తున్నారా చూడండి. "యూనియన్ అంటే ఫలానా పార్టీయే కదా" అని వెనక్కి తగ్గుతున్నవాళ్లకు ఒక విషయం చెప్పండి: రాజకీయ కార్యక్రమాలకు నిధి విడిగా ఉండాలి, దానికి చందా కట్టమని ఏ సభ్యుడినీ బలవంతం చేయకూడదు, కట్టలేదని సభ్యత్వ ప్రయోజనాలు ఆపకూడదు. ఈ మాట నాయకుడి నోట సభ్యుల ముందు చెప్పించండి. చెప్పడానికి తటపటాయిస్తే మీకే అర్థమవుతుంది.

చేరనివాళ్ల సంగతి. వాళ్లను ద్రోహులు, కంపెనీ మనుషులు అనడం వెంటనే ఆపించండి. ఇంట్లో ఒక్కడి సంపాదన మీద నలుగురు బతుకుతుంటే, చిట్టీ కట్టాల్సి ఉంటే, ఆడపిల్ల పెళ్లి దగ్గర్లో ఉంటే మనిషి వెనక్కి తగ్గుతాడు. అది పిరికితనం కాదు. ఇవాళ చేరనివాడు రేపు సాక్షి కావచ్చు. "నువ్వు చేరకపోయినా ఫర్వాలేదు, తెల్ల కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు, నీ పీఎఫ్ ఒకసారి చూసుకో" అని చెప్పగలిగితే బస్సులో మళ్లీ మాటలు కలుస్తాయి. అలాగే చేరనివాళ్ల మీద చెయ్యి చేసుకోవడం, బస్సు ఆపడం, ఇంటి ముందు గోల చేయడం జరిగితే కేసులు నాయకుల మీద కాదు, ఆ రోజు ముందున్న కుర్రాళ్ల మీద పడతాయి.

వాట్సాప్ గ్రూపు గురించి. ఎంత నమ్మకస్తుల గ్రూపైనా అందులోంచి స్క్రీన్‌షాట్ బయటికి పోతుందనుకునే రాయండి. "రేపు అందరం మానేద్దాం" అన్న ఒక్క మెసేజ్ చాలు. కొత్త కోడ్‌లో సమ్మెకు ముందస్తు నోటీసు అన్ని పరిశ్రమలకూ తప్పనిసరి. నోటీసు ఇచ్చాక 14 రోజుల దాకా దిగకూడదు, ఆ నోటీసు 60 రోజులకు మించి పాతది కాకూడదు, రాజీ చర్చలు నడుస్తున్నంత కాలం, ఆ తర్వాత ఏడు రోజులూ దిగకూడదు. సగం మంది లేదా అంతకన్నా ఎక్కువ కూడబలుక్కుని ఒకే రోజు సెలవు పెట్టినా అది సమ్మె కిందే లెక్క. మనవైపు మూకుమ్మడి సెలవు మామూలే కాబట్టి ఇది అందరికీ చెప్పండి. అక్రమ సమ్మెలో దిగిన కార్మికుడికి 1,000 నుంచి 10,000 దాకా జరిమానా లేదా నెల దాకా జైలు, లేదా రెండూ. పురిగొల్పినవాడికి జరిమానా ఇంకా ఎక్కువ. పైగా పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ కలిసి నోటీసు లేకుండా మానేస్తే ఎనిమిది రోజుల జీతం దాకా కోసుకోవచ్చు. గ్రూపును మీటింగు టైము చెప్పడానికే వాడండి.

ఇప్పుడు ఆ తెల్ల కాగితం. అది రాజీనామా అవుతుంది, లేదా "నా లెక్క పూర్తిగా ముట్టింది" అన్న రసీదు అవుతుంది, లేదా పాత తేదీతో నిర్ణీత కాల ఒప్పందం అవుతుంది. మూడోది చాలామందికి తట్టదు. నిర్ణీత కాల ఉద్యోగం గడువు తీరి ముగిస్తే అది రిట్రెంచ్‌మెంట్ కాదు, ఆ పరిహారం రాదు. గ్రాట్యుటీ మాత్రం ఏడాది పనికే దామాషాలో వస్తుంది. "ఏటి సేస్తాం, అందరూ ఎట్టీసినారు" అని పెట్టేసి ఉంటే, ఇవాళే ఒక పేజీ ఉత్తరం రాయండి: ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా వ్యక్తి ఖాళీ కాగితం మీద సంతకం తీసుకున్నాడు, నేను రాజీనామా చేయలేదు, ఏ ఒప్పందానికీ ఒప్పుకోలేదు, పనిలో కొనసాగుతున్నాను. కాంట్రాక్టరుకు, అసలు కంపెనీ హెచ్ఆర్‌కు, సహాయ కార్మిక కమిషనరుకు మూడు ప్రతులు రిజిస్ట్రేషన్ ఉన్న స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచండి. ఇది యూనియన్ లేకుండానే చేయొచ్చు. నలుగురైదుగురు విడివిడిగా ఇలాంటి ఉత్తరాలు పంపితే సంతకాల సేకరణ ఆగిపోయే అవకాశం ఎక్కువ.

గేటు దగ్గర ఆపేస్తే తిరిగి ఇంటికి వెళ్లిపోకండి. నోటిమాటగా "రేపట్నుంచి రావొద్దు" అని, నెల తర్వాత "వాడే పని మానేశాడు" అని రికార్డు చేయడం పాత పద్ధతి. మర్నాడు కూడా షిఫ్టు టైముకు ఒక సాక్షితో గేటుకు వెళ్లండి. ఆపితే ఆ రోజే ఉత్తరం పంపండి: ఇన్ని గంటలకు వచ్చాను, ఫలానా గేటులో ఆపారు, పనికి సిద్ధంగా ఉన్నాను. సెక్యూరిటీవాళ్లతో వాదన పెట్టుకోకండి. వాళ్లూ కాంట్రాక్టు వాళ్లే, గొడవ జరిగితే అసలు విషయం పక్కకు పోయి అదే కేసవుతుంది. లెక్క తేలుస్తామని పిలిచి కాగితం ఇస్తే "నా హక్కులకు భంగం లేకుండా, అభ్యంతరంతో" అని మీ చేతిరాతతో రాసి సంతకం పెట్టండి, లేదా డబ్బు బ్యాంకులో వేయమనండి.

తీసివేత వివాదాన్ని యూనియన్ లేకపోయినా ఒక్కరే కార్మిక శాఖ ముందు పెట్టొచ్చు. రాజీ ప్రయత్నం 45 రోజుల్లో ముగియాలి. కుదరకపోతే ఆ నివేదిక అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. మన రెండు జిల్లాలకు అది విశాఖపట్నంలో ఉంది. వివాదం పుట్టి రెండేళ్లు దాటితే రాజీ అధికారి అసలు తీసుకోడు (పాత చట్టంలో లేబర్ కోర్టుకు నేరుగా వెళ్లడానికి మూడేళ్లు ఉండేది, ఆ లెక్కలో ఉండొద్దు). విశాఖకు వాయిదాలకు తిరగడం, వకీలు ఫీజు, సాక్షులను తీసుకెళ్లడం, వీటికి మాత్రం ఒక్కడికి ఓపిక చాలదు. కాంట్రాక్టు కార్మికులకు తిరిగి ఉద్యోగం బదులు ఏకమొత్తం పరిహారం ఇస్తున్న తీర్పులు కూడా ఎక్కువే. ఏళ్ల తర్వాత వచ్చే ఆ మొత్తం కంటే, మొదటి 45 రోజుల్లో రాజీ అధికారి ముందు మీ వెనక 300 మంది ఉన్నారన్న సంగతే యాజమాన్యాన్ని కదిలిస్తుంది. చేరమని నేను చెప్పడానికి అసలు కారణం ఇదే.

ఆగి చేరాల్సినవాళ్లు కూడా ఉన్నారు. అప్రెంటిస్‌గా ఉన్నవాళ్లు ముందు తమ ఒప్పంద పత్రం ఎవరికైనా చూపించుకోవాలి, వివాదాల విషయంలో వాళ్లు కార్మికుడి నిర్వచనంలోకి రారు. నెలకు 18,000 దాటి జీతం తీసుకుంటూ నిజంగా సూపర్‌వైజరు పని చేసేవాళ్లూ రారు. అయితే పేరుకు "సూపర్‌వైజర్" అని కార్డు మీద రాసి చేతితో చేసే పనే చేయిస్తుంటే చూసేది పనినే, పేరును కాదు. నిర్ణీత కాల ఒప్పందం రెండు మూడు నెలల్లో ముగియబోతున్నవాళ్లు రెన్యువల్ కాగితం చేతికొచ్చాక ఫారం నింపడం మంచిది. యూనియన్ వచ్చాక ముందు నిలబడేవాళ్ల పేర్లు "రక్షిత కార్మికులు"గా యాజమాన్యానికి పంపించండి. మొత్తం కార్మికుల్లో ఒక శాతం, కనీసం ఐదుగురు, గరిష్ఠంగా వంద మంది. వివాదం విచారణలో ఉండగా వాళ్లను తీసేయాలంటే ముందుగా అనుమతి కావాలి. ఈ జాబితా పంపడం మరిచిపోయి నాయకులను పోగొట్టుకున్న సంఘాలు ఉన్నాయి, కాబట్టి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చిన వారంలోనే అది కూడా పంపించేయమనండి.